మటిల్డా గురించి మా పిల్లలనే చెప్పనివ్వండి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పరీక్షల విభాగం డైరెక్టర్ గారికి,



పదో తరగతి ఇంగ్లిష్ పేపరు గురించి, అందులోనూ కథల్లోని పాత్రల మీద వచ్చే ప్రశ్నల గురించి, వాటికి మా పిల్లలు రాస్తున్న జవాబుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను శ్రీ సత్యసాయి జిల్లాలో, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు బడుల్లో ఇంగ్లిష్ చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఈ మాట మీ కార్యాలయానికి ఒక అర్జీగా పంపి ఊరుకోవచ్చు. కానీ ఇది మీ ఒక్కరి చేతిలో ఉన్న పని కాదు. ప్రశ్నపత్రం కూర్చేవాళ్లు, స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చుని దిద్దే మావంటివాళ్లు, జూన్ రాగానే గైడు కొనిపెట్టే తల్లిదండ్రులు అందరూ వినాలని అందరి ముందూ రాస్తున్నాను.

2024-25 నుంచి మన పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిష్ పుస్తకాలు వచ్చాయి. 'ఫస్ట్ ఫ్లైట్', 'ఫుట్‌ప్రింట్స్ వితౌట్ ఫీట్'. ఈ మార్పును నేను మనసారా స్వాగతించాను. ఫ్రాన్స్ నుంచి మపాసా, రష్యా నుంచి చెహోవ్, మన దేశం నుంచి కె.ఏ. అబ్బాస్, రస్కిన్ బాండ్, తమిళ కథకుడు వల్లిక్కణ్ణన్ ఒకే ఏడాదిలో మా పిల్లల ముందుకు వచ్చారు. అంతకుముందున్న రాష్ట్ర పుస్తకం కూడా తక్కువది కాదు. మన పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ అందులో ఇంగ్లిష్‌లో ఉండేది. ఇల్లు తుడిచి తుడిచి తన పేరే మరిచిపోయిన ఆ ఇల్లాలి కథ చదివి, ఇంటికి పోయి 'అమ్మా, నీ పేరుతో నిన్ను పిలిచి ఎన్నాళ్లయింది' అని అడిగిన పిల్లలున్నారు. అట్లాంటి పాఠం పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అయినా కొత్త కథలు మంచివి. పుస్తకాన్ని గురించి నాకు ఫిర్యాదు లేదు.

నా బాధల్లా పాఠం మారినా జవాబు మారకపోవడం గురించి. కొత్త పుస్తకం బడికి చేరిన కొద్ది రోజులకే కొత్త గైడ్లు అంగళ్లలోకి వచ్చాయి. ప్రతి పాత్రకూ నాలుగైదు వాక్యాల పరిచయం, ప్రతి కథకూ ఒక నీతి, వచ్చే అవకాశం ఉన్న డైరీలు, సంభాషణలు, ఉత్తరాలు అన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. డిసెంబర్ నుంచి వంద రోజుల ప్రణాళిక మొదలవుతుంది. పొద్దున, సాయంత్రం స్లిప్ టెస్టులు. ఆ నాలుగైదు వాక్యాలే అప్పజెప్పాలి, అవే రాయాలి. మటిల్డా అంటే దురాశ. లెంచో అంటే దేవుడి మీద నమ్మకం. భోలి అంటే అమాయకత్వం, తర్వాత ధైర్యం. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క విశేషణం అంటించి పంపేస్తున్నాం.

మటిల్డా దగ్గర కాసేపు ఆగుతాను. ఎందుకంటే ధర్మవరంలో ఆ కథ చెప్పినప్పుడు తరగతిలో ఏం జరిగిందో మీకు తెలియాలి.

మపాసా 'ది నెక్లెస్' కథ మీకు తెలిసిందే. చిన్న గుమాస్తా భార్య మటిల్డా మంత్రి ఇంట్లో విందుకు పోవడానికి స్నేహితురాలి దగ్గర నెక్లెస్ ఎరువు తెచ్చుకుంటుంది. ఆ రాత్రే అది పోతుంది. అలాంటిదే మరొకటి 36,000 ఫ్రాంకులకు కొని తిరిగి ఇచ్చేస్తారు. భర్తకు తండ్రి విడిచిపోయిన సొమ్ము 18,000 ఫ్రాంకులుంది, మిగతాదంతా అప్పు. అది తీర్చడానికి పదేళ్లు పడుతుంది. చివరికి తెలుస్తుంది, పోయిన నెక్లెస్ గిల్టుదని, 500 ఫ్రాంకులకు మించి చేయదని.

ధర్మవరం తరగతిలో సగం మంది మగ్గం మీద బతికే ఇళ్ల పిల్లలు. ముడిపట్టు అప్పుకు తేవడం, చీర నేసి ఇచ్చాక కూలిలో పట్టుకోవడం, సావుకారు ముందు నాన్న మాట తగ్గించి మాట్లాడడం వాళ్లు పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. అప్పు అంటే ఏమిటో వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. కథ అయ్యాక తెలుగులోనే అడిగాను: తప్పెవరిది?

ఒక అమ్మాయి వెంటనే అంది, "పోయిందని ఆ పొద్దే చెప్పింటే పదేండ్లు మిగిలేవి కదా సార్." పక్క వరుసలో ఒక అబ్బాయి ఒప్పుకోలేదు. "చెప్తే నమ్ముతారా సార్? లేనోళ్ల మీద దొంగతనం కట్టేస్తారు. అందుకే చెప్పలే." మరొకడు పుస్తకం తిప్పి చూపించాడు. కొక్కెం విరిగింది, బాగుచేయిస్తున్నాం అని స్నేహితురాలికి ఉత్తరం రాయమన్నది మటిల్డా కాదు, ఆమె మొగుడు. అబద్ధం మొదలుపెట్టింది ఆయన కదా అన్నాడు. చివరి బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల, "ఆయమ్మ పనిమనిషిని మాన్పించి, అంట్లు తానే తోముకొని, అంగట్లో ఒక్కొక్క పైసకూ బేరమాడి అప్పు తీర్చింది. అట్లాంటామెను దురాశ అని ఎట్లా రాయాల సార్?" అని అడిగింది.

డైరెక్టర్ గారూ, ఆ నాలుగు మాటలూ నాలుగు వ్యాసాలు. మొదటిది నిజం దాచడం వల్ల వచ్చే నష్టం గురించి. రెండోది పేదరికంలో నిజం చెప్పడానికి కూడా ఎంత భయముంటుందో దాని గురించి. మూడోది తప్పును ఆడదాని నెత్తిన పెట్టే అలవాటు గురించి. నాలుగోది పాత్ర కథ మొదట్లో ఉన్నట్టే చివరి దాకా ఉండదన్న ఎరుక. ఆ నాలుగో అమ్మాయి చెప్పింది విమర్శకులు పెద్ద పుస్తకాల్లో చెప్పేదే. పదేళ్ల తర్వాత వీధిలో స్నేహితురాలు కనబడితే మటిల్డా తప్పుకుని పోదు, తానే పలకరిస్తుంది, అప్పంతా తీర్చానని గర్వంగా చెబుతుంది. అది మొదటి పేజీలో ఇంట్లో కూర్చుని ఏడ్చిన మటిల్డా కాదు.

వారం తర్వాత పరీక్ష పెట్టాం. మటిల్డా గురించి రాయమని ఇంగ్లిష్‌లో ప్రశ్న. ఆ నలుగురూ ఒకే జవాబు రాశారు. మటిల్డా అందగత్తె, అసంతృప్తి గలది, దురాశాపరురాలు, ఉన్నదానితో తృప్తి పడాలని ఈ కథ చెబుతుంది. గైడులో ఉన్నది ఉన్నట్టు, కామాలతో సహా. మాస్టారికి నోటితో చెప్పినదాంట్లో ఒక్క ముక్క కాగితం మీదికి రాలేదు. చివరి బెంచీ అమ్మాయిని పిలిచి అడిగాను, నువ్వు చెప్పింది ఎందుకు రాయలేదని. "అది నా మాట కదా సార్, మార్కులు పడతాయో లేదో" అంది.

ఆ భయాన్ని ఆ పిల్లలో పెట్టింది మనమే. ఆమె అనుకున్నది సబబే కూడా. గైడు జవాబుకు మార్కులు పడతాయని ఆమెకు రూఢిగా తెలుసు. సొంత మాటకు పడతాయని ఇప్పటి దాకా ఎవరూ ఆమెకు చూపించలేదు.

మన పేపరులో డైరీ రాయండి, ఇద్దరి మధ్య జరగగల సంభాషణ రాయండి అని అడిగే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. 2011 నాటి రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన పుస్తకాలతో అది స్థిరపడింది. నా దృష్టిలో అది చాలా తెలివైన ప్రశ్న. భోలి డైరీ రాయాలంటే భోలి మనసులోకి పోవాలి. పాత్రను అర్థం చేసుకోనిదే ఆమె గొంతుతో మాట్లాడలేం. 'పాత్ర చిత్రణ రాయుము' అనే పాత ప్రశ్న కంటే ఇది పది రెట్లు మేలు. కానీ ఆ డైరీ కూడా ముందే రాసి అమ్ముతున్నప్పుడు, ఆ మనసులోకి పిల్లలెవరూ పోవడం లేదు. 'ఈ రోజు నా జీవితంలో మరపురాని రోజు' అనే అర్థం వచ్చే ఒక్క మొదటి వాక్యం ఎన్ని పేపర్లలో దిద్దానో లెక్క లేదు. ప్రశ్నది తప్పు కాదు. ప్రతి ఏడాదీ ఊహించగలిగేలా అడగడమూ, వచ్చిన జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా మార్కులు వేయడమూ తప్పు. ఆ రెండోది మా తప్పు కూడా.

భోలి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ కథ మా జిల్లాలో ఊరికే పాఠం కాదు. చిన్నప్పుడే మశూచి మచ్చలు పడ్డ, నత్తిగా మాట్లాడే పిల్ల. పెళ్లి ఎలాగూ కష్టమని, తహసీల్దారు చెప్పాడని బడికి పంపుతారు. చివరికి యాభై ఏళ్లకు దగ్గరపడ్డ కిరాణా వ్యాపారి, ఆమె ముఖం చూసి ఐదు వేలు కట్నం అడిగితే, ఆ పెళ్లి పీటల మీదే కాదంటుంది. పదో తరగతి హాల్‌టికెట్ చేతికి రాకముందే ఇంట్లో పెళ్లి మాటలు వినబడే ఆడపిల్లలు మా తరగతుల్లో ఉన్నారు. వాళ్లను అడగండి, భోలి ఎక్కడ మారిందని. ఒకరు చెబుతారు, బడికి పోయే రోజు మొదటిసారి తలంటి, మంచి బట్టలు తొడిగినప్పుడని. ఇంకొకరు, పేరు అడిగితే నత్తి వచ్చి ఏడ్చినా టీచరమ్మ కసురుకోకుండా మళ్లీ మెల్లగా అడిగినప్పుడని. మరొకరు, తండ్రి తలపాగా తీసి ఆ ముసలివాడి కాళ్ల దగ్గర పెట్టినప్పుడని. ముగ్గురి మాటకూ కథలో వాక్యం ఉంది. ముగ్గురికీ పూర్తి మార్కులు ఇవ్వాలి. ఇప్పటి పద్ధతిలో ముగ్గురూ 'విద్య వల్ల భోలిలో ధైర్యం వచ్చింది' అని రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు.

లెంచో గురించి ఎక్కువ రాయను. వడగళ్లకు పంట పోయి దేవుడికి ఉత్తరం రాసి 100 పెసోలు అడిగిన రైతు, 70 మాత్రమే అందితే తపాలా ఉద్యోగులే మిగతావి కాజేశారని అనుకుంటాడు. ఆ డబ్బు పోగుచేసి ఇచ్చింది ఆ ఉద్యోగులే. వేరుశనగ వేసి మబ్బులు చూసే ఇళ్ల పిల్లలకు ఆ రైతు పరాయివాడు కాడు. దేవుణ్ణి అంతగా నమ్మినవాడు ఎదుటి మనిషిని ఎందుకు నమ్మలేకపోయాడు అన్న ఒక్క ప్రశ్న వేస్తే చాలు, గంట సరిపోదు.

మా సీమకు ఇంగ్లిష్ సాహిత్యం కొత్త కాదు. తెలుగు నాటకానికి పితామహుడని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో పుట్టారు. బళ్లారిలో వకీలుగా ఉంటూ సరసవినోదినీ సభ పెట్టి నాటకాలాడించారు. ఇంగ్లిష్ నాటకాలు చదివి, మనిషి పతనాన్ని, దుఃఖాన్ని ఎలా నిలబెడతారో చూసి, 'విషాద సారంగధర' రాశారు. తెలుగులో మొదటి విషాదాంత నాటకమని దానికి పేరు. మన సంప్రదాయంలో నాటకం మంగళంగా ముగియాలి. సారంగధరుడి కథను దుఃఖంతోనే ముగించవచ్చు అనుకోవడానికి పాత్రను ఎంత లోతుగా తరచి చూసి ఉండాలి! ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ ఆ తర్వాత పాత్రలోకి దిగి నటించడంలో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. వాళ్లు చేసింది కూడా పాత్ర విశ్లేషణే. రంగస్థలం మీద చేశారు.

పెనుకొండలో ఇంకొక కథ ఉంది. 1914లో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలో పెనుకొండలో చదువుకున్నారు. అక్కడ ఉన్న పిట్ అనే దొరసాని దగ్గర ఇంగ్లిష్ సాహిత్యం నేర్చుకున్నారు. కొండ మీద కూలిన కోటను చూసి పసితనంలోనే 'పెనుగొండ లక్ష్మి' కావ్యం రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే ఆయనకు పాఠ్యపుస్తకమైంది. తాను రాసిన పద్యాల మీద తానే పరీక్ష రాశారు. ఒకే ప్రశ్నకు పేజీలకు పేజీలు రాస్తూ కూర్చుని ఆ పరీక్ష తప్పారని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కావ్యాన్ని లోకంలో అందరికంటే బాగా ఎరిగిన మనిషి గురించి ఇలాంటి కథ మా ఊళ్లలో నిలిచిందంటే, పరీక్ష మీద జనానికున్న అభిప్రాయం ఏమిటో తెలుస్తుంది. ఎక్కువ తెలిసినవాడికి కాదు, అడిగినంత, అడిగిన తీరులో రాసినవాడికే మార్కులని.

అయితే ఈ జబ్బు మనకొక్కరికే ఉన్నదని నేననను. కేంబ్రిడ్జిలో ఐ.ఏ. రిచర్డ్స్ అనే ఆచార్యుడు తన విద్యార్థులకు కవి పేరు చెప్పకుండా పద్యాలిచ్చి అభిప్రాయం రాయమన్నాడు. ఆ జవాబులతో 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' అనే పుస్తకం వేశాడు. అంత పెద్ద చదువులు చదివేవాళ్లు కూడా ఎదురుగా ఉన్న పద్యాన్ని వదిలి, ముందే మనసులో తయారుగా ఉన్న భావాలను రాసిపెట్టారని అందులో చూపించాడు. ఇంగ్లండ్‌లో 2015 నుంచి మారిన జీసీఎస్‌ఈ సాహిత్య పరీక్షలో పుస్తకం లోపలికి తీసుకుపోనివ్వరు. అక్కడి పిల్లలూ వాక్యాలు బట్టీ పడుతున్నారు. కానీ అక్కడి కొన్ని బోర్డులు ఒక మంచి పని చేస్తాయి. షేక్‌స్పియర్ నాటకం నుంచి కొంత భాగం ప్రశ్నపత్రంలోనే అచ్చువేసి, ఇక్కడి నుంచి మొదలుపెట్టి ఈ పాత్ర గురించి నీకేమనిపిస్తోందో రాయమంటాయి. వాక్యాలు కళ్లెదుట ఉంటే పిల్లలకు ఆధారం చూపించే వీలు దొరుకుతుంది.

మన పేపరులోనూ పాఠంలో కొంత భాగం అచ్చువేసి ప్రశ్నలిచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. కాబట్టి నేను అడిగేది కొత్త ఖర్చుతో కూడినది కాదు. ఆ భాగం కింద, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న ప్రశ్నలతో పాటు, 'మటిల్డా చేసింది నీకు సరే అనిపిస్తోందా? ఏ వాక్యం చూసి అలా అనుకున్నావు?' అని ఒక్క ప్రశ్న ఉండనివ్వండి. రెండు మూడు వాక్యాల జవాబు చాలు. అవునన్నా కాదన్నా మార్కులు పడాలి. ఆధారం చూపితే పడాలి, చూపకపోతే తగ్గాలి. ఈ సంగతి వాల్యుయేషన్ సూచనల్లో స్పష్టంగా అచ్చులో ఉండాలి. అక్షరదోషం ఉన్నా, క్రియ తప్పినా, ఆలోచనకు వేసే మార్కు వేరుగా ఉండాలి. పేపరు దిద్దేవాడికి సూచనల్లో ఒక్క నమూనా జవాబు ఇస్తే వాడు దానికి అతుక్కుంటాడు. ఒకదానికొకటి విరుద్ధమైన రెండు జవాబులిచ్చి, రెండింటికీ పూర్తి మార్కులని చూపించండి. రాష్ట్రమంతటా టీచర్లకు ఆ ఒక్క కాగితం అందితే, గైడులు చేయలేని పని అది చేస్తుంది.

ఇంగ్లిష్ రాని పిల్లలు సొంతంగా ఎలా రాస్తారని మీరు అడగవచ్చు. ఇది న్యాయమైన సందేహం. మా హిందూపురం వైపు ఇళ్లలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. మడకశిర వైపు కన్నడ మీడియం బడులున్నాయి. ఇంగ్లిష్ ఈ పిల్లలకు మూడో భాష కూడా కాదు, కొందరికి నాలుగోది. అయినా వాళ్లు ఆలోచన తమ భాషలో చేసుకుని, దాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లోకి తెచ్చుకోగలరు. 'ఆమె నిజం చెప్పలేదు. ఆమె భయపడింది. ఆమె పేదది.' ఈ మూడు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయడం ఏడో తరగతి పిల్లవాడికీ వస్తుంది. గైడులోని పెద్ద మాటలు బట్టీ పట్టడం కంటే ఇది తేలిక. పైగా ఎర్రమంచిలో కియా కంపెనీ వచ్చాక మా పల్లెల్లో ప్రతి తండ్రీ ఇంగ్లిష్ అంటే ఉద్యోగం అంటున్నాడు. ఏ ఉద్యోగంలోనైనా పిల్లవాణ్ణి అడిగేది ఇదే, ఎందుకు అలా అనుకుంటున్నావని. దానికి ముందే రాసిపెట్టిన జవాబు ఎక్కడా దొరకదు.

టీచర్లం కూడా మా వంతు చేస్తాం. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక్కసారైనా సిలబస్ ఎంతయింది, ఉత్తీర్ణత ఎంత అన్న లెక్కలు పక్కన పెట్టి, ఒక కథ తీసుకుని మేమే వాదించుకుంటాం. బుక్కపట్నంలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో మా జిల్లా పిల్లల సొంత జవాబులు, తప్పులతో సహా, పోగుచేసి ఉంచితే, కొత్తగా వచ్చే టీచర్లకు అంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఉండదు. ఆ పనిలో చేయి వేయడానికి నాతో పాటు సిద్ధంగా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. గైడు కొనవద్దని నేను చెప్పను. లేకపోతే వెనకబడతామేమో అన్న భయం మీకుంటుంది. కానీ రాత్రి అన్నం తినేటప్పుడు మీ బిడ్డను ఆ కథ మీకు చెప్పమనండి, తెలుగులోనో కన్నడలోనో ఉర్దూలోనో. విని, వాళ్లతో వాదం పెట్టుకోండి. మీకు ఇంగ్లిష్ రానక్కరలేదు.

డైరెక్టర్ గారూ, మార్చి పరీక్షకు ప్రశ్నపత్రాలు తయారయ్యే సమయం దగ్గర పడుతోంది. ఈ ఏడాది పేపరులో ఒక్క ప్రశ్న, ఒక్కటంటే ఒక్కటి, ఏ గైడులోనూ జవాబు దొరకనిది పెట్టించండి. దాని కింద దిద్దేవాళ్లకు రాసే సూచనలో, పిల్లలు తమ మాటల్లో చెప్పిన కారణానికి మార్కులు ఇవ్వాలని ఒక వాక్యం చేర్పించండి. ఆ వాక్యం వచ్చిందని తెలిసిన రోజు నేను మా చివరి బెంచీ అమ్మాయికి ధైర్యంగా చెప్పగలను, నీ మాటే రాయమ్మా అని.

ఇట్లు,
శ్రీ సత్యసాయి జిల్లా నుంచి
ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు